తాత తప్పెటగుండు దొరికింది, ఇప్పుడు నేర్చుకోవచ్చా?

గాజువాక పిల్ల:
మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. నేను పుట్టకముందే నాన్న స్టీల్‌ప్లాంట్ ఉద్యోగానికొచ్చి గాజువాకలోనే ఉండిపోయారు. పోయిన నెల ఇల్లు మారుతూ అటక దింపుతుంటే గోనెసంచిలో తుప్పుపట్టిన రేకు వాయిద్యం, గజ్జెలు కనిపించాయి. ఏంటమ్మా ఇవి అంటే కాసేపు మాట్లాడలేదు, తర్వాత చెప్పింది, మీ తాత ఈ తప్పెటగుండు వాయిస్తూ ఆడే తప్పెటగుళ్లు అనే జానపద నృత్యం జట్టులో ఆడేవాడని. ముప్ఫై ఏళ్లొచ్చాక తెలిసింది నాకు! ఎవరైనా నవ్వుతారని నాన్న దాచారట. చిన్నప్పుడు నన్ను ఆరేళ్లు ఫీజు కట్టి మరీ కూచిపూడికి పంపారు, ఇంట్లో ఉన్న ఆట గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఆడవాళ్లకి నేర్పుతారా? యూట్యూబ్ చూసి కుదురుతుందా?

చీపురుపల్లి వాడు:
వీడియో చూస్తే చెయ్యి ఎలా పడాలో తెలుస్తుంది గానీ ఊపిరి సంగతి తెలీదండీ. గుండు ఛాతీకి కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, పాడుతూ, గెంతుతూ గుండ్రంగా తిరగాలి, అన్నీ ఒకేసారి. పైగా పదిహేను ఇరవై మంది ఉంటేనే ఆట. గురువు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు, మధ్యలో ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కుతారు. ఇది మన యాదవుల ఆట, గంగమ్మ తల్లిని కొలిచేది. ముందు పాటలు పట్టండి, అడుగులు తర్వాత.

నర్తకి_వైజాగ్:
ఆడవాళ్లా అని అడిగారు కదా. మీరు నేర్చుకున్న కూచిపూడి కూడా ఒకప్పుడు మగవాళ్లదే, సత్యభామ వేషం వేదాంతం సత్యనారాయణ శర్మ గారే కట్టేవారు. మీకు తాళం వచ్చు, అది సగం పని. కాకపోతే కూచిపూడి నడుము ఇక్కడికి తేకండి, తేడా కొడుతుంది.

బాబాయ్:
నేర్చుకోవడం సరే తల్లీ, ముందు మీ నాన్నని ఊరు తీసుకెళ్లు. లేదా దసరా వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతరకి ఇద్దరూ రండి, జట్లు దొరుకుతాయి. ఆ గుండు రేకు మాత్రం పెయింట్ వెయ్యొద్దు, మోత చస్తుంది.

గాజువాక పిల్ల:
థాంక్స్ బాబాయ్. ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. సాయంత్రం చూస్తే పెరట్లో కూర్చుని చింతపండుతో గజ్జెలు తోముతున్నారు.