ప్రభారాశి అంటే సూర్యుడేనా?

చుక్కలపిచ్చి: నిన్న రాత్రి డాబా మీద టెలిస్కోపు మిరాక్ అనే నక్షత్రం వైపు తిప్పితే పక్కనే చిన్న మసక మరక. అద్దానికి మంచు పట్టిందేమోనని తువ్వాలు అంచుతో రెండుసార్లు తుడిచా, పోలేదు. తీరా చూస్తే అది ఎన్‌జీసీ 404, ఖగోళ శాస్త్రవేత్త హెర్షెల్ 1784లో పట్టుకున్న మరుగుజ్జు గెలాక్సీ. నక్షత్రం వెలుగులో దాక్కుంటుందని మిరాక్ దెయ్యం అంటారట. అప్పట్నుంచి వామనుడు పెరగడం మీద పోతన పద్యంలోని "కల్లంతై ప్రభారాశిపై నంతై" బుర్రలో తిరుగుతోంది. ఈ ప్రభారాశి సూర్యుడా, ఉత్త వెలుగుల కుప్పా? పన్లో పని, ఇలాంటి గెలాక్సీని ఇంగ్లీషులో లెంటిక్యులర్ అంటారు, అంటే లెన్స్ ఆకారంలో ఉండేది, తెలుగులో ఏమందాం? లెన్స్‌ని కటకం అంటారని కటకాకార అనడం నాకు నచ్చట్లేదు.

యతిప్రాస: సూర్యుడే. మబ్బుల తర్వాత, చంద్రుడికి ముందు ఇంకెవరుంటారు? పురాణాల లెక్కలో సూర్యుడి పైన చంద్రుడు, చాలా పైన ధ్రువుడు, ఆ పైన మహర్లోకం. పోతన వరస తప్పలేదు.

గోదారిగట్టు: మా తాతగారు పాలపుంత అనే చెప్పేవారు. పుంత అంటే మా వైపు పొలాల మధ్య బండిబాట. ఆకాశంలో రాశి పోసినట్టుండేది అదే కదా, ఒక్క సూర్యుణ్ణి పట్టుకుని రాశి అనడమేంటి?

యతిప్రాస: తేజోరాశి అని ఒక్కణ్ణే అనమా మాస్టారూ? అయినా పాలపుంత చంద్రుడికి కిందెప్పుడొచ్చింది?

గోదారిగట్టు: మా తాతగారు శతావధానాలు చూసిన మనిషండీ.

పప్పుచారు: లాటిన్లో లెన్స్ అంటేనే మసూర్ గింజ, కళ్లద్దానికి ఆ పేరు తర్వాత వచ్చింది. కాబట్టి మసూరాకార గెలాక్సీ. ఇంట్లో డబ్బా మూత తీసి ఒక గింజని పక్కకి తిప్పి చూడండి, మధ్యలో ఉబ్బు, అంచులు పల్చన.

చుక్కలపిచ్చి: బాగుంది కానీ ఇది దాదాపు ముఖం మనవైపు తిప్పుకుని ఉంది, గుండ్రంగానే కనిపిస్తుంది. అన్నట్టు కటకం అంటే పాత అర్థం కడియం కదా? నాసా వాళ్ల అంతరిక్ష టెలిస్కోపు గేలెక్స్ అతినీలలోహితంలో చూస్తే దీని చుట్టూ కుర్ర నక్షత్రాల వలయం ఒకటి బయటపడింది, అచ్చం కడియమే. కటకం మీద నా కోపం సగం తగ్గింది.

కొత్తసభ్యుడు: మరుగుజ్జు బదులు వటు గెలాక్సీ అంటే? ఇంతింతై వటుడింతయై అని ఉందిగా.

యతిప్రాస: వటుడంటే బ్రహ్మచారి నాయనా, పొట్టివాడు కాదు. పొట్టి కావాలంటే వామన అను.

చుక్కలపిచ్చి: అయితే మరీ నప్పింది! కోటి కాంతి సంవత్సరాల దూరంలో, దరిదాపుల్లో పెద్ద గెలాక్సీ ఒక్కటీ లేకుండా ఒంటరిగా ఉంది పాపం.

పప్పుచారు: మిరాక్ అన్న పేరు రాతగాళ్ల పొరపాటే. అరబీలో మీజర్, నడుముకి కట్టుకునే గుడ్డ. లాటిన్ పట్టికల్లోకి వచ్చేసరికి అక్షరం జారి మిరాత్, మిరాక్ అయింది.

గోదారిగట్టు: అక్షరం జారడం అంటే గుర్తొచ్చింది, మా తాతగారు "నల్లంతై" అని చదివేవారు.

యతిప్రాస: కుదరదు. "అగ్రమునకు" మీద "అల్లంతై", కల్లంతై. అల్ల, అంతై రెండూ కలిశాయి కాబట్టి పాదం మొదటి "అంతై"తో ఆ "అం"కే యతి. శార్దూలంలో పదమూడో అక్షరం, వేళ్ల మీద లెక్కపెట్టుకోండి.

చుక్కలపిచ్చి: లెక్కపెట్టా, సరిపోయింది. ఇంతకీ ప్రభారాశి?

గోదారిగట్టు: పాలపుంతే.