‘భాగవతమఁట’లో ఉన్నది సున్నా, అరసున్నా, మరకా?

పాప వాళ్ళమ్మ: బడిలో పద్యాల పోటీ ఉందని పోతన ‘పలికెడిది భాగవతమట’ పద్యాన్ని మెరూన్ రంగులో టైప్ చేసి, షాపులో కలర్ లేజర్ ప్రింట్ తీయించాను. ‘భాగవతమట’లో మ పక్కన ఒక చుక్క పడింది. కింద ‘డట’, ‘అగునట’ల దగ్గర ఏమీ లేదు. మా తాతయ్య ‘భాగవతమంట’ అనేవారని లీలగా గుర్తు. ఏది సరైనది? ఫొటో పెట్టాను.

తెలుగు మాస్టారు: నిండు సున్నా కుదరదమ్మా. ఇది కందం. పలికెడి, దిభాగ, వతమఁట: అన్నీ నాలుగేసి మాత్రలు. ‘మంట’ అంటే ఐదైపోతాయి. అక్కడ ఉన్నది మాత్ర పెంచని అరసున్నే (ఁ).

డీటీపీ మిత్రుడు: మాస్టారూ, గణాల కంటే ముందు ఆ ఫొటో పెద్దది చేసి చూడండి. చుక్క నిండుగా ఉంది, గులాబీ రంగులో ఉంది. అది ప్రింటర్‌లో మెజెంటా రంగును కాగితం మీదికి ఎక్కించే డ్రమ్ము మీది మరక. అమ్మా, ఆ చుక్క నుంచి నిలువుగా కిందికి స్కేలు పెట్టండి. 75 మి.మీ. దగ్గర మళ్ళీ పడిందా? 24 మి.మీ. వ్యాసం ఉన్న డ్రమ్ము ఒక చుట్టు తిరిగితే అంతే వస్తుంది.

పాప వాళ్ళమ్మ: పడిందండీ! సరిగ్గా 75. తాత్పర్యం మధ్యలో ఉంది.

తెలుగు మాస్టారు: సరే, అది మరకే. మరి అసలు అరసున్నలు ఏమయ్యాయి?

డీటీపీ మిత్రుడు: మెరూన్ టోనర్ (ప్రింటర్ రంగుపొడి) అంటూ ఉండదు. మెజెంటా, పసుపు, నలుపు చిన్న చిన్న చుక్కలుగా పడి మనకు మెరూన్‌లా కనిపిస్తాయి. అరసున్న లాంటి సన్నని గీత ఆ చుక్కల సందుల్లో తెగిపోతుంది. టోనర్ సేవ్ కూడా పెట్టారేమో, తీసేయమనండి. పద్యం నలుపులోనే తీయించండి, అప్పుడు అక్షరం ఒక్క టోనర్‌తో పడుతుంది. క్లీనింగ్ పేజీ తీసినా చుక్క పోకపోతే డ్రమ్ము మార్చాల్సిందే.

పెద్దన అభిమాని: అరసున్న ఎక్కడుందన్నది చిన్న విషయం కాదు. పెద్దన ‘అటఁ జని కాంచె’లో అది ట తర్వాత వస్తుంది, ‘అక్కడికి’ అని అర్థం. పోతనకు ట ముందు వస్తుంది, ‘అని అంటున్నారు’ అని అర్థం.

తెలుగు మాస్టారు: పోలిక బాగుంది. అయితే పోతన మూడు చోట్ల ‘అఁట’ అని, నాలుగో పాదంలో ‘పలికెద’ అంటాడు. అక్కడ అఁట లేదు. అంతదాకా విన్న మాట, అక్కడినుంచి తన మాట. నాకు ప్రాణం ఆ ‘పలికెద’ దగ్గరే ఉంది.

జనగామ నుంచి: మా బమ్మెర వైపు ఇప్పటికీ ‘అంట’నే అంటాం. తాతయ్యది తప్పని నేననను.

కడప నుంచి: పలికించిన రామభద్రుడు మా ఒంటిమిట్ట కోదండరాముడే కదండీ.

తెలుగు మాస్టారు: పోతనది ఏ ఊరన్న సంగతి తర్వాత చూద్దాం. ‘అంట’ అన్నా గొంతులో తేల్చి పలికితే మాత్ర పెరగదేమో, నేనూ పాడి చూస్తాను.

పాప వాళ్ళమ్మ: నలుపులో తీయించాను. మూడు అరసున్నలూ స్పష్టంగా వచ్చాయి. పాప మాత్రం ‘అంట’ అనే చదువుతోంది.

తెలుగు మాస్టారు: మరి నాలుగో పాదంలోని ‘వేఱొండు’లో ఱ ఎలా పలుకుతోంది?