చలికాలంలో దవాఖానలు నిండేది ఊరి గాలితోనా, వట్టి సర్దితోనా?

బల్లార్షా_పోరడు
మొన్న రాత్రి మా అన్న బిడ్డకు దమ్ము పట్టుకుంటే బండి మీద చంద్రపూర్ తీస్కపోయినం. క్లినిక్ మెట్ల మీద గూడ జనమే. పోరికి మూతికి మాస్కు కట్టి మందు పీల్పించే మిషన్ ఆన్ చేసిండ్రు, ఇంకిద్దరు పిల్లలు అదే మిషన్ కోసం తల్లుల ఒళ్లల్ల కూసొని ఉన్నరు. డాక్టర్‌ను అడిగితే "ఈ గాలికి ఇంకేమైతది" అన్నడు. ఇంటికొచ్చి చెప్తే మా నాయిన "చలికాలం సర్ది రాదా, మా కాలంల రాలేదా" అంటడు. బొగ్గు గనులు, థర్మల్, సిమెంటు, పేపర్ మిల్లు అన్నీ మన చుట్టే ఉన్నయి. మీ ఇండ్లల్ల ఎట్లున్నదో చెప్పుండ్రి.

నాందేడ్_నాని
మా దగ్గర చిమ్నీలు లేవు, రోడ్డు పనుల దుమ్మే. దగ్గు మాత్రం సేమ్.

పాత_ఫోర్‌మన్
తమ్మీ, నాని మాటే నా మాట. చిమ్నీ లేని నాందేడ్‌లో దగ్గున్నప్పుడు చిమ్నీని తిట్టుడు ఎందుకు? ఆసిఫాబాద్ దిక్కు మా అత్తగారి పల్లెలో కూడా డిసెంబరు వచ్చిందంటే ఇంటింటా దగ్గే. వైరస్ చలికాలం వస్తది, పోతది. నా సర్వీసంతా ఇక్కడే గడిచింది. మా కంపెనీ డిస్పెన్సరీల ఓపీ రిజిస్టరు నేను కండ్లార చూసిన. ప్లాంటు ఫుల్ లోడ్ మీద నడిచినా, రిపేర్లకు ఆపినా, దగ్గు కేసులు అంతే. రిజిస్టరు అబద్ధమాడదు.

మెడికల్_అక్క
అన్నా, వైరస్ లేదని ఎవరన్నరు? రెండూ కలిసే వస్తయి, అదే కదా బాధ. చలికాలం రాత్రిపూట చల్లగాలి నేల మీద పరుచుకుంటది, పైన వెచ్చగాలి కుండ మీద మూత పెట్టినట్టు ఆగుతది. పొగ పైకి పోయే తోవ ఉండదు. 2.5 మైక్రాన్ల కంటే సన్న దుమ్ము ముక్కుల, గొంతుల ఆగదు, ఊపిరితిత్తుల కొసదాక పోతది, అందుల కొంత నెత్తుట్ల కలుస్తది. అందుకే దగ్గొక్కటే కాదు, గుండెపోటు, పక్షవాతం కూడా పెరుగుతయి. 2013లనే బయటి గాలి కాలుష్యాన్ని క్యాన్సర్ తెచ్చే వాటిల్ల చేర్చిండ్రు.

మందుల షాపుల కూసొని నేను చూసేది చెప్త. పొగ కమ్మిన రోజు గిరాకీ మామూలే. ఆ మర్నాడు, మూడోనాడు ఇన్‌హేలర్లు, మిషన్‌ల పోసే మందు ట్యూబులు అడుగుడు మొదలైతది. వచ్చేటోళ్లు కూడా మారరు. బైపాస్ పక్క బస్తీలు, బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీది ఇండ్లు.

పాత_ఫోర్‌మన్
అమ్మా, అమ్ముకునేదానివి నువ్వు. ఊరు దగ్గితే గల్లా నిండుతది. నీ గిరాకీ సాక్ష్యమెట్లయితది?

మెడికల్_అక్క
నా గల్లా సంగతి ఎత్తితివి కదా, నా ఖాతా బుక్కు కూడా చూడు. సగం పేజీలు ఉద్దెర.

లెక్కల_సారు
గొడవ ఆపి ఒక ఉదాహరణ వినండి. అమెరికాలో ఉటా లోయలో ఒక ఉక్కు మిల్లు 1986 ఆగస్టు నుంచి 1987 సెప్టెంబరు దాకా మూతపడింది. అదే లోయ, అవే ఊళ్లు. మిల్లు నడిచిన చలికాలాల్లో బ్రాంకైటిస్, ఆస్తమాతో ఆసుపత్రిలో చేరిన పిల్లలు, మూతపడిన చలికాలంతో పోలిస్తే రెండు మూడింతలు. ఫోర్‌మన్ గారు అడిగే రుజువు ఇలాంటిదే కదా: దాదాపు అన్నీ అలాగే ఉండి మిల్లొక్కటి ఆగడం.

పాత_ఫోర్‌మన్
సారూ, మీది అమెరికా, నాది కండ్లతో చూసిన రిజిస్టరు. గాలి ఎట్లున్నదో చెప్పే యాప్‌ల చూడుండ్రి: చంద్రపూర్‌ది ఇయ్యాల 'మోడరేట్', పసుపు రంగు. ఎరుపు కాదు. ఢిల్లీ ఎరుపు చూసి చంద్రపూర్ గురించి ఏడ్చుడెందుకు?

లెక్కల_సారు
గాలి సూచీలో ఆ పసుపు 101 నుంచి 200 దాకా ఉంటుంది. 100 దాటిందంటేనే మన దేశపు రోజువారీ పరిమితి దాటినట్టు. అక్క చెప్పిన ఆ సన్న దుమ్ముకు, అంటే పీఎం 2.5కు, ఆ పరిమితి ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టింది 15. పైగా యాప్ చూపే అంకె 24 గంటల సగటు. మధ్యాహ్నం గాలి వీచి దుమ్ము చెదిరిపోతే, తెల్లవారుజామున పిల్లలు పీల్చిన పొగ ఆ సగటులో మునిగిపోతుంది. గాలి కొలిచే ఒక మీటరు ఖుతాలా ఎంఐడీసీలో, అంటే ఫ్యాక్టరీల పేటలో ఉంది. బల్లార్‌పూర్ బస్తీలో పిల్ల ఏం పీలుస్తుందో అది చెప్పదు.

పాత_ఫోర్‌మన్
15! ఎండాకాలం నల్లమట్టి లేస్తే దాంతోనే 15 దాటదా? ఈ 15 ఎవరు కనిపెట్టిండ్రు, మన ఎండ చూసిండ్రా, మన మట్టి చూసిండ్రా?

లెక్కల_సారు
మట్టి దుమ్ము ఎక్కువగా పీఎం 10లో, అంటే కాస్త ముతక దుమ్ము లెక్కలో వస్తుంది. నేను చెప్పేది సన్నదాని గురించి, అది ఎక్కువగా మండించిన దాంట్లోంచి పుడుతుంది.

పాత_ఫోర్‌మన్
ఎక్కువగా, ఎక్కువగా అంటే లెక్క కాదు సారూ. 15 సాధ్యమా కాదా, ఒక్క మాటల చెప్పుండ్రి.

రాయగడ_వదిన
మధ్యలో దూరుతున్నానని అనుకోకండి. మా రాయగడలో మా ఆయన ఆయాసమని వెళ్తే డాక్టరు గారు తలెత్తకుండానే "బీడీలు మానెయ్యి" అన్నారు. ఈయన జన్మలో బీడీ ముట్టలేదు. సిరాకొచ్చి మళ్లీ వెళ్లనంటున్నారు.

పాత_ఫోర్‌మన్
బీడీ అంటే గుర్తొచ్చింది. పొద్దుగాల ఆరింటికి ఏ బస్తీల చూసినా గడప ముందట బొగ్గుల పొయ్యి రాజేస్తరు. ఆ పచ్చి పొగ సక్కగ ఇంట్లకే పోతది. అది మాట్లాడరు, ఆకాశంల చిమ్నీ మాత్రం కనబడతది. 2009ల కాలుష్య సూచీల చంద్రపూర్‌కు 83.88 వేసి దేశంల నాలుగో స్థానం ఇచ్చిండ్రు, ఒప్పుకుంట. అటెన్క బూడిద పట్టే ఈఎస్పీలు బాగుచేసిండ్రు, అన్నిటికన్న పాత 210 మెగావాట్ల యూనిట్లు రెండు మూసిండ్రు. ఇంక ఏం చెయ్యాలె?

మెడికల్_అక్క
ఈఎస్పీ బూడిదను పడుతది, గంధకం వాయువును పట్టదు అన్నా. అది గాలిల పోయి సన్న దుమ్మే అయితది. దాన్ని ఆపే మిషన్లకు 2015ల రూలు పెట్టిండ్రు, 2017 గడువు. ఆ గడువు ఎన్నిసార్లు జరిపిండ్రో నీకే ఎక్కువ తెల్వాలె.

బల్లార్షా_పోరడు
కాకా, బొగ్గుల పొయ్యి సోకుకు పెడుతున్నరా? సిలిండర్ నింపియ్యాలంటే ఎంతైతదో మీ క్వార్టర్ల తెల్వదు.

పాత_ఫోర్‌మన్
క్వార్టరు నాకు దానంగ ఇయ్యలే. మా నాయిన భూమి పోతే వచ్చింది ఆ నౌకరి. మీరంత ఫోన్లు పట్టుకొని కంపెనీని తిట్టుడు సులువు. 2010ల కొత్త ప్రాజెక్టులు ఆపుమని ఢిల్లీల ఆర్డర్ తీసిండ్రు. అనుమతులు రాక ఎందరు పిల్లలు పుణెకు, హైదరాబాద్‌కు మూట కట్టుకొని పోయిండ్రో నేను చూసిన. అందుల నా కొడుకొకడు. నువ్వు గాలి గాలి అన్నప్పుడల్ల నాకు వినబడేది "ప్లాంటు మూయుండ్రి" అనే.

బల్లార్షా_పోరడు
మూయమని ఎవడన్నడు? నేను రాసిన దాంట్ల ఆ మాట ఎక్కడున్నదో చూపియ్యి! మా అన్న బూడిద దిక్కే పని చేస్తడు, కాంట్రాక్టుల. మీ రిజిస్టరు మీ రిజిస్టరు అంటున్నవు కదా, అందుల మా అన్న పేరున్నదా? ఆయన బిడ్డ పేరున్నదా? గేటు లోపట అదే దుమ్ము మింగుతడు, డిస్పెన్సరీ గడప తొక్కనియ్యరు. పర్మనెంటోళ్లు, వాళ్ల ఇంటోళ్లే ఆ రిజిస్టరుల. కాలనీల చెట్లు, పక్కా ఇండ్లు, గ్యాసు. వాళ్లకు దగ్గు పెరగలేదంటే పెరగదు మరి!

నాందేడ్_నాని
ఈఎస్ఐ, అదే లేబర్ వైద్య బీమా, ఉంటది కదా బ్రో వాళ్లకు.

బల్లార్షా_పోరడు
జీతంల కోస్తరు. దవాఖానకు పోతే నంబరు నడుస్తలేదంటరు. కాంట్రాక్టరును అడిగితే పై నెల అంటడు. మొన్న రాత్రి బిల్లు వడ్డీకి తెచ్చి కట్టినం.

మెడికల్_అక్క
నా ఉద్దెర బుక్కుల ఉన్నోళ్లు వీళ్లే అన్నా. ఒక ఇన్‌హేలర్ రెండు ఇండ్ల మధ్య తిరుగుతది. వెనక డోసుల అంకె సున్నా చూపెట్టినా ఊపి ఊపి పీలుస్తరు, అందుల గ్యాసు తప్ప మందుండది. అది కొనలేనోళ్లు చవుక గోలీ అడుగుతరు, గుండె దడ పుట్టినా అదే మింగుతరు. వీళ్లెవరూ ఏ ఓపీ లెక్కల రారు. బాగ ముదిరినంక రాత్రి పన్నెండింటికి వస్తరు, అప్పుడు 'ఎమర్జెన్సీ' అని రాస్తరు.

రాయగడ_వదిన
అక్కా, గోలీ కంటే ఇన్‌హేలరే మంచిదా? అలవాటైపోతుందని మా అత్తగారు వద్దంటున్నారు.

మెడికల్_అక్క
అలవాటు కాదు వదినె. మందు సక్కగ ఊపిరితిత్తులకే పోతది, గోలీకన్న చాన తక్కువ మోతాదు సరిపోతది. ముందుగాల ఊదే పరీక్ష ఒకటుంటది, స్పైరోమెట్రీ, అది చేసే డాక్టర్ దగ్గరికి తీస్కపొండ్రి.

లెక్కల_సారు
అంటే ఫోర్‌మన్ గారూ, మీ రిజిస్టరు నిజమే. అందులోకి ఎవరిని రానిచ్చారన్నదే ప్రశ్న. ఉటాలో లెక్క అలా వచ్చిందంటే అక్కడ ఆసుపత్రులు ఊరందరి పిల్లలనూ రాసుకున్నాయి.

పాత_ఫోర్‌మన్
కాంట్రాక్టు లేబర్ సంగతి నేను పెట్టిన రూలు కాదు. యూనియన్ల ఉన్నప్పుడు ఒకసారి అడిగినం, మేనేజ్‌మెంట్ కాంట్రాక్టరును చూపెట్టింది, కాంట్రాక్టరు ఈఎస్ఐని చూపెట్టిండు. మావోళ్లు కూడా గట్టిగ పట్టలే. మన బెడ్లు వాళ్లకు పోతయని కొందరు అన్నరు, అది గూడ నిజమే.

బల్లార్షా_పోరడు
గదే కాకా నేను అడిగేది. ప్లాంటు నడువనీ, మా అన్న నౌకరి గూడ అందులనే. గేటుల అడుగుపెట్టే ప్రతి లేబర్‌కు ఆ డిస్పెన్సరీల కార్డు ఇయ్యుమని ఇప్పుడున్న యూనియనోళ్లకు నువ్వు చెప్పు, నీ మాట వింటరు.

పాత_ఫోర్‌మన్
ఆదివారం సెక్రటరీ ఇంటికి పోత. మాట ఇస్తలేను, అడుగుత అంటున్న. కానీ సారుకు చెప్పుండ్రి, 15 మాత్రం నేను ఒప్పుకోను.

లెక్కల_సారు
60 ఒప్పుకుంటారా?

పాత_ఫోర్‌మన్
60 అంటే మాట్లాడొచ్చు.