పార్కు చేతులు మారింది, మా పాస్‌ల సంగతేంటి?

మేం ఏటా వెళ్లే థీమ్ పార్కును ఈమధ్యే వేరే కంపెనీ కొనేసింది. ముందునుంచీ దాని పరిస్థితి అంతంతమాత్రమే. పెద్ద రోలర్ కోస్టర్ ఆగిపోయి రెండు సీజన్లయింది. కొత్తవాళ్లు బాగుచేస్తామంటున్నారు గానీ, వాళ్ల కన్ను రైడ్ల మీద కాదు, స్థలం మీదేనని నా అనుమానం. అమెరికాలో సిక్స్ ఫ్లాగ్స్, సీడర్ ఫెయిర్ అనే థీమ్ పార్కు కంపెనీలు 2024 జులైలో కలిసిపోయాక, మేరీల్యాండ్‌లోని వాళ్ల పార్కును 2025 నవంబరులో మూసేశారు కదా!

మా నలుగురికీ వార్షిక పాస్‌లు ముందే కొన్నాం, అదే టెన్షన్. కంపెనీని కాకుండా ఆస్తుల్ని మాత్రమే కొంటే పాత పాస్‌ల బాధ్యత కొత్తవాళ్లకు ఉండకపోవచ్చంటున్నారు, నిజమేనా? కార్డుతో కట్టిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి అడగొచ్చా? ఇలాంటిది ఎదురైనవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: రిఫండ్ ఇప్పుడే అడగాలా, కొన్నాళ్లు ఆగాలా?