రెండొందల గజాల కాడికెళ్లి పందిని కొట్టుడు న్యాయమేనా?

అచ్చంపేట పోరడు:
మా పక్కూరోళ్లు పర్మిషన్ తెచ్చి అడివిపందుల కోసం షూటర్‌ను పిలిపించిన్రు. ఆయన మంచె ఎక్కలే. పొద్దుగూకంగ జీపు బానెట్ మీద రైఫిల్ ఆనిచ్చి, రెండొందల గజాల అవతల మేస్తున్న పందిని కొట్టిండు. తగిలింది గానీ పడలే, మక్క చేన్ల దూరింది. అంత దూరంకెళ్లి కొట్టుడు తప్పా, ఒప్పా?

దేవరకొండ తుపాకి:
తప్పే. 1972ల వన్యప్రాణుల రక్షణ చట్టం రాకముందు మా నాయినకు లైసెన్సు పన్నెండు బోరు తుపాకి ఉండె. ముప్పై గజాలు దాటితే ట్రిగ్గర్ మీద వేలు పెట్టనిచ్చెటోడు కాదు. పందికి గుండె కిందికుంటది, ముందరి కాలు ఎనకాల. మగపందికి భుజం మీద డాలు లెక్క గట్టి పొర. దెబ్బ నాలుగు వేళ్ల మందం అటిటైతే పంది చావదు, ఉరుకుతది. ఇంకోటి, మంచె మీదికెళ్లి కొడితే తప్పిన తూటా భూమిల దిగుతది. జీపు మీదికెళ్లి తప్పితే అది ఎవరి గుడిసె కాడ ఆగుతదో!

స్కోపురాజు:
కాకా, ముప్పై గజాలు బోరు తుపాకి లెక్క. స్కోపు బిగించిన రైఫిల్‌కు రెండొందలు దూరమే కాదు. దగ్గరికి పోతే గాలి మళ్లి వాసన పడతది, ఉరుకుతది. ఉరికే పందిని కొట్టుడే పాపం. మా బావమర్ది అమెరికాల మోంటానాల ఐదొందల గజాల కాడ ఎల్క్‌ను, అంటే పెద్ద దుప్పిని, ఒక్క దెబ్బకు పండవెట్టిండు.

దేవరకొండ తుపాకి:
తప్పిన దెబ్బల ముచ్చట చెప్పిండా మీ బావమర్ది? అదే అమెరికాల, తర్వాత ప్రెసిడెంటైన థియోడర్ రూజ్వెల్ట్ 1887ల పెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు ఉంది. వేటగాళ్ల క్లబ్బే, పందుల సంఘం కాదు. జంతువు కన్ను, ముక్కు, చెవి దేనికీ పని లేనంత దూరంకెళ్లి కాల్చుడు వేటకే అవమానం అంటరు వాళ్లు. వెయ్యి గజాలు పోవుటానికి తూటాకు సెకనున్నర వడతది. ఆలోపు అది ఒక్క అడుగేస్తే గుండెకు పోవాల్సింది కడుపుల దిగుతది.

స్కోపురాజు:
వెయ్యి ఎవడన్నడు? నేనన్నది రెండొందలు!

బట్టతల:
గజాలా, మీటర్లా? రెండొందల గజాలంటే 183 మీటర్లే. ముందుగాల అది తేల్చున్రి.

పల్లిచేను:
న్యాయం పందికి, నష్టం మాకు. ఊడలు దిగినంక రెండెకరాల పల్లి ఒక్క రాత్రిల మూతితోని దున్నిపోయినయ్. పరిహారం కాయితం ఇచ్చి రెండు పంటలాయె. ఢిల్లీ కాడికెళ్లి కొట్టినా నాకు సంబురమే. దీన్ని వేట అని ఎందుకంటున్నరు? చీడకు మందు కొట్టేటప్పుడు పురుగుకు సందిస్తమా?

నల్గొండ వకీలు:
వన్యప్రాణుల చట్టం సెక్షన్ 11 కింద అనుమతి తీసుకొని చంపినా, సెక్షన్ 39 ప్రకారం కళేబరం ప్రభుత్వ ఆస్తి. కూర సంగతి ఎవరూ ఎత్తకండి.

బట్టతల:
ఎత్తలే సార్. వాసనే వచ్చింది.

స్కోపురాజు:
ఊకె కూసొని రాసుడు అల్క. ఆ రోజు గాలి కూడా లేకుండె, పంది అడ్డంగ నిలవడ్డది. ఎవడైనా కొడతడు.

అచ్చంపేట పోరడు:
గాలి లేదని నీకెట్ల తెలుసన్నా?

స్కోపురాజు:
నేనే కొట్టిన. అయితే ఏంది? కడుపుల పెట్టుకొని ఊరందరి ముందల అడుగుతున్నవా?

అచ్చంపేట పోరడు:
మూడొద్దులకు మా అమ్మ పత్తి ఏరవోయింది. సాలు మధ్యల పండుకొని ఉండె అది, ఎనక తొడకు పురుగులు వట్టి. లేసి ఒక్కటే గుద్దు గుద్దింది. అమ్మ తొడకు పదకొండు కుట్లు. గజాల లెక్క పక్కకు పెట్టు. దెబ్బ తగిలినంక నువ్వు జీపు దిగినవా, లేదా?

స్కోపురాజు:
చీకటి పడ్డది. జాడ తీసెటందుకు మనుషులను, లైట్లను ఇస్తమన్నోళ్లు ఒక్కరూ రాలే. దెబ్బతిన్న పంది ఉన్న మక్కల ఒక్కణ్నే దూరాల్నా? నాకు పెండ్లాం పిల్లలు లేరా? నాకొచ్చింది డీజిల్ పైసలు.

దేవరకొండ తుపాకి:
నడిచి పోయి నెత్తురు జాడ చూసే ధైర్యం లేని దూరం, కొట్టే దూరం కాదు తమ్మీ. మా నాయిన ముప్పై అన్నది అందుకే.

పల్లిచేను:
అమ్మకు అట్లయ్యుడు బాధే. కానీ గిట్ల నిలదీస్తే రేపు మా చేన్లకు షూటర్ ఎవడొస్తడు?

అచ్చంపేట పోరడు:
మక్కల దూరమని అనలే అన్నా. ఒక్క ఫోను. దెబ్బతిన్న పంది మీ దిక్కు వచ్చింది, నాలుగొద్దులు చేన్లకు పోకున్రి అని. గంతే.

బట్టతల:
మొత్తానికి గజాలే కదా?