ఇంగ్లండ్‌లో ఇల్లు అద్దెకిస్తున్నాం: గ్యాస్, ఫైర్ సేఫ్టీలో మా బాధ్యత ఎంతవరకు?

పడమటిగది:
అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా వేరే ఊరు వెళ్తున్నాం. ఇంగ్లండ్‌లో మేముంటున్న రెండంతస్తుల ఇల్లు అద్దెకివ్వాలి. వంటింటి అల్మారాలో గ్యాస్ బాయిలర్ ఉంది, గట్టు మీద గ్యాస్ హాబ్ (స్టవ్) ఉంది. లెటింగ్ ఏజెంట్‌ను అడిగితే "అన్నీ మేం చూసుకుంటాం" అంటున్నారు. ఈ మధ్యే బాయిలర్ సర్వీసు చేయించిన బిల్లు నా దగ్గరుంది. అది చాలదా? అలారాలు ఎన్ని పెట్టాలి? ఇల్లు అడుగుతున్నవాళ్లలో ఒక కుటుంబం, ముగ్గురు స్నేహితులు ఉన్నారు. ఎవరికిచ్చినా రూల్స్ ఒకటేనా?

నీలిమంట:
సర్వీసు బిల్లు చాలదండి. నేను గ్యాస్ ఇంజనీర్‌ని. "మొన్నే సర్వీసు అయింది కదా" అనే మాట కొత్తగా అద్దెకిచ్చేవాళ్ల దగ్గర తరచూ వింటుంటాను. సర్వీసు బాయిలర్ బాగా పనిచేయడం కోసం. చట్టం అడిగేది సేఫ్టీ తనిఖీ. రెండూ ఒకే పూటలో చేయించుకోవచ్చు, కాగితాలు మాత్రం వేరు.

1998 నాటి గ్యాస్ సేఫ్టీ రెగ్యులేషన్స్ ప్రకారం, మీరు ఇంట్లో ఉంచి ఇచ్చే ప్రతి గ్యాస్ పరికరాన్నీ, దాని ఫ్లూనూ (పొగను బయటికి పంపే గొట్టం) 12 నెలలకోసారి గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో (గ్యాస్ పనికి అర్హత ఉన్నవాళ్ల అధికారిక జాబితా) ఉన్న ఇంజనీర్‌తో చూపించాలి. హాబ్ కూడా అందులోకే వస్తుంది. టెనెంట్ సొంత కుక్కర్ తెచ్చుకుంటే అది మీ లెక్కలోకి రాదు.

ఇక్కడో మెలిక ఉంది. ఏటా చేసే ఈ తనిఖీలో పైపులు చూడటం తప్పనిసరి కాదు. కానీ వాటిని భద్రంగా ఉంచే బాధ్యత మీదే! అందుకని ఇంజనీర్ వచ్చినప్పుడు పైపులకు టైట్‌నెస్ టెస్ట్ (లీకు ఉందేమో చూసే పరీక్ష) కూడా చేయమని నోరు తెరిచి అడగండి. అడగకపోతే కొందరు చేయరు. అలాగే ఆయన ఐడీ కార్డు వెనక్కి తిప్పి చూడండి, ఏయే పనులకు అర్హత ఉందో అక్కడ ఉంటుంది. దీనికి మొహమాటపడొద్దు, మాకు అలవాటే.

ఈ తనిఖీ రికార్డు (పాత అలవాటు కొద్దీ అందరూ సీపీ12 అంటారు) కొత్త టెనెంట్‌కు ఇంట్లో దిగకముందే ఇవ్వాలి. ఉన్నవాళ్లకైతే తనిఖీ జరిగిన 28 రోజుల్లోగా. గడువుకు ముందు రెండు నెలల్లో ఎప్పుడు చేయించినా వచ్చే ఏటికి పాత తేదీయే లెక్క, కాబట్టి ఆఖరి వారం దాకా లాగకండి.

ఏజెంట్ నోటిమాట నమ్మొద్దు. తనిఖీ ఎవరు బుక్ చేస్తారు, లోపం బయటపడితే రిపేరు ఎవరు చేయిస్తారు అన్నది ఒప్పందంలో రాయించుకోండి. రికార్డు వచ్చాక మీరే చదవండి. అందులో "ఎట్ రిస్క్" అనో "ఇమ్మీడియట్లీ డేంజరస్" అనో ఉంటే బాగుచేసేదాకా దాన్ని ఎవరూ వాడకూడదు. ఆ కాగితం ఏజెంట్ మెయిల్‌లోనే పడి ఉంటే ఎవరికి ఉపయోగం?

మేడమెట్లు:
అలారాల సంగతి నేను చెప్తాను. మనుషులుండే ప్రతి అంతస్తులో కనీసం ఒక స్మోక్ అలారం ఉండాలి, అంటే మీకు రెండు. 2022 అక్టోబర్ 1 నుంచి గ్యాస్ బాయిలర్ ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ (గ్యాస్ సరిగా మండకపోతే వచ్చే విషవాయువు) అలారం కూడా తప్పనిసరి. గ్యాస్ కుక్కర్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చారు, ఎందుకో నాకైతే మింగుడుపడదు. టెనెన్సీ మొదలైన రోజున అన్నీ నొక్కి చూసి, టెనెంట్ చేత సంతకం పెట్టించుకోండి. కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ సంస్థ) నోటీసిచ్చాక కూడా పెట్టకపోతే 5,000 పౌండ్ల దాకా జరిమానా.

నీలిమంట:
బాయిలర్ అల్మారాలో ఉందని అలారం కూడా అందులోనే పెట్టేస్తారు చాలామంది. అల్మారా బయట, అదే గదిలో, బాయిలర్‌కు ఒకటి నుంచి మూడు మీటర్ల దూరంలో పెట్టండి. ఆ అలారం గ్యాస్ లీకును పట్టదు, లీకు సంగతి వేరు. లీకుకు వాసన ఉంటుంది, కార్బన్ మోనాక్సైడ్‌కు ఉండదు. గ్యాస్ ఎమర్జెన్సీ నంబర్ 0800 111 999 మీటర్ పక్కన అతికించండి.

లెటర్‌బాక్స్:
ముగ్గురు స్నేహితులకిస్తే కథ మారుతుంది. ఒకే కుటుంబం కాని ముగ్గురు వంటగది, బాత్రూం పంచుకుంటే ఆ ఇల్లు హెచ్ఎంఓ, అంటే వేర్వేరు కుటుంబాలవాళ్లు పంచుకునే ఇల్లు. ఐదుగురైతే లైసెన్స్ తప్పనిసరి. అంతకన్నా తక్కువమందికి అక్కర్లేదనుకోకండి, కొన్ని కౌన్సిళ్లు ముగ్గురికీ అడుగుతాయి. బయటికి వెళ్లే దారి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. తలుపు లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకునేలా చూసుకోండి. వంటింటికి ఫైర్ డోర్ (మంటలను కాసేపు ఆపే తలుపు) పెట్టమని కూడా కౌన్సిల్ అడగొచ్చు. ఇల్లు ఇవ్వకముందే కౌన్సిల్‌తో మాట్లాడండి.

పడమటిగది:
చాలా థాంక్సండి. ఇంకొక్క డౌట్. టెనెంట్ ఇంజనీర్‌ను లోపలికి రానివ్వకపోతే?

నీలిమంట:
బలవంతంగా వెళ్లకూడదు. ఇది చట్టం అడిగే తనిఖీ, మీ క్షేమం కోసమే అని రాసి, వాళ్లకు వీలైన టైమ్ అడగండి. కుదరకపోతే మళ్లీ రాయండి. ప్రతి మెయిల్, ఇంజనీర్ వచ్చి వెనక్కి వెళ్లిన ప్రతి తేదీ దాచుకోండి. మీరు చేయగలిగినదంతా చేశారా అన్నదే రేపు చూస్తారు.

కరెంటు వైరింగ్ తనిఖీ ఐదేళ్లకోసారి, అది మరవకండి. సోఫా, పరుపులు వదిలేసి వెళ్తుంటే వాటికి ఫైర్ లేబుల్ (అగ్ని భద్రతా నిబంధనలకు తగ్గట్టు ఉందని చెప్పే చీటీ) ఉందో లేదో చూడండి. లేనివి తీసేయండి.