ఆర్థర్ నీల్సన్ గురించి తెలిసినవాళ్లు కాస్త సాయం చేస్తారా?

అందరికీ నమస్కారం. బీకాం పిల్లలకు ఆర్థర్ నీల్సన్ జీవితం మీద ఒక క్లాసు చెప్పాలి. చదివింది ఇంజినీరింగు, 1923లో షికాగోలో మార్కెట్ రీసెర్చి (ఏ సరుకు ఎంత అమ్ముడవుతోంది, జనం ఏం ఇష్టపడుతున్నారు అని లెక్క తీసే పని) కంపెనీ పెట్టాడు, టెన్నిస్ పిచ్చి బాగా ఉండేది. ఇంతవరకూ ఇబ్బంది లేదు.

1930లలో ఆయన మనుషులు మందుల షాపులకూ కిరాణా కొట్లకూ వెళ్లి సరుకు లెక్కపెట్టేవారు. పాత నిల్వకు కొన్న సరుకు కలిపి, మిగిలింది తీసేస్తే అమ్మకం తేలుతుంది. జనాన్ని అడిగితే గొప్పలు చెబుతారు, బిల్లులు చెప్పవు కదా! మరి కొట్టువాళ్లు తమ లెక్కలు పరాయివాళ్లకు ఎందుకు చూపించారు? డబ్బిచ్చేవారా, ఇంకేమైనా ఇచ్చేవారా?

రెండోది, ఆడిమీటర్, అంటే ఇళ్లలో రేడియోకి తగిలించిన పెట్టె. రేడియోలో ఏ స్టేషన్ ఎంతసేపు పెట్టారో అదే రాసుకునేది. తర్వాత వచ్చిన రకంలో ఇంటివాళ్లే ఆ లెక్క నమోదైన ఫిల్ము పోస్టులో పంపేవారు. కొత్త ఫిల్ము పెట్టగానే పెట్టెలోంచి రెండు క్వార్టర్ (పావు డాలర్) నాణేలు రాలిపడేవట! ఆ ఇళ్లను ఎలా ఎంచేవారు? రేడియో మోగుతూ ఎవరూ వినకపోతే ఆ లెక్క ఏమయ్యేది?

మార్కెట్ రీసెర్చిలో పనిచేసినవాళ్లు తెలుగులోనే, పిల్లలకు అర్థమయ్యేలా చెబితే మేలు. పాత ఆడిమీటర్ లోపలి భాగం కనిపించే ఫొటో ఉన్నా చెప్పండి.